హజ్ బాటలో గుర్తురాళ్ళు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము ఉర్దూ మీడియం పంతుళ్ళం. ప్రతి యేడూ ఈ వేదిక మీద ఉర్దూలోనే రెండు ముక్కలు చెప్పి దిగిపోయేవాళ్ళం. ఈసారి మాత్రం కార్యదర్శిగారు ముందే పట్టుకుని, "మాస్టారూ, మీ ప్రసంగం సావనీరులో వేస్తాము, తెలుగులో మాట్లాడండి, మన పిల్లల్లో చాలామంది ఇప్పుడు తెలుగు, ఇంగ్లీషు మీడియాల్లో చదువుతున్నారు, ఉర్దూ అచ్చు వేస్తే ఇంట్లో తాతగారికి తప్ప ఎవరికీ అందదు" అన్నారు. ఆ మాట మాకు కొంచెం బాధ కలిగించిన మాట నిజమే. కానీ ఆలోచిస్తే, ఈ రోజు మేము చెప్పదలచిన విషయం కూడా దాదాపు అదే. గుర్తు పెట్టినవాడు ఒకడు, దాన్ని చదవవలసినవాడు మరొకడు. ఇద్దరికీ నడుమ ఏం జరుగుతుంది? ఈ సంగతే మనవి చేసుకుంటాము.

విషయం ఎలా మొదలైందో చెప్తాము. మా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు సౌదీ అరేబియాలో హాయిల్ పట్టణం వైపు లారీ డ్రైవరుగా పనిచేస్తున్నాడు. బడిలో ఉన్నప్పుడు వెనక బెంచీ. కానీ ప్రతి దానికీ "ఎందుకు సార్?" అని అడిగే అలవాటు ఉండేది. ఆ అలవాటు ఎడారికి వెళ్ళినా పోలేదు. ఒకనాడు మాకు ఫోనులో మూడు ఫోటోలు పంపి, "సార్, ఫైద్ అనే ఊరికి అవతల టైరు పంక్చరై ఆగాము. రోడ్డు దిగి కాస్త లోపలికి పోతే ఇవి కనిపించాయి. మనుషులు లేరు, ఇళ్ళు లేవు. ఇవి ఎవరు పెట్టారు? ఎందుకు పెట్టారు?" అని అడిగాడు.

మొదటి ఫోటోలో నేల మీద రెండు రాళ్ళ వరుసలు. ఎవరో ఏరి పక్కకు వేసినట్టు. రెండింటి నడుమ నేల చదునుగా ఉంది. ఆ రెండు వరుసలూ పక్కపక్కనే కనుచూపు మేర పోతున్నాయి. రెండో ఫోటోలో ఒక మిట్ట మీద మనిషెత్తు రాళ్ళ కుప్ప, సగం కూలిపోయింది. మూడోదే చాలా విచిత్రం. నేల మీద ఒక్క వరుస రాళ్ళు, పది పన్నెండు అడుగుల పొడవు. సరిగ్గా మధ్యలో మాత్రం ఆ వరుస అర్ధచంద్రంలాగా బయటికి ఉబ్బి ఉంది. అంతే. దానికి పైకప్పు లేదు, గోడ లేదు.

మర్నాడు ఏడో తరగతిలో ఆ ఫోటోలు చూపించాము. ఇంక చూడండి! ఒకడు మేకల దొడ్డి అన్నాడు. ఒకడు సమాధులన్నాడు. మూడోవాడు, వాడు సినిమాలు ఎక్కువ చూస్తాడు, "నిధి సార్, ఆ ఉబ్బిన చోట తవ్వాలి" అన్నాడు. మాకూ తెలియదు. తెలియదని పిల్లల ఎదుట ఒప్పుకోవడం పంతులుకు కొంచెం కష్టం. అయినా ఒప్పుకుని, "మీరూ ఆలోచించండి, మేమూ చదివి వస్తాము" అన్నాము.

చదవగా తెలిసినది ఇది. ఫైద్ అనే ఆ చిన్న ఊరు ఒకప్పుడు ఎంతో పేరున్న మజిలీ. ఇరాకులోని కూఫా నుంచి మక్కా వరకు సుమారు 1,400 కిలోమీటర్ల హజ్ బాట ఒకటి ఉండేది. దానికి దర్బ్ జుబైదా, అంటే జుబైదా బాట అని పేరు. ఖలీఫా హారూన్ రషీద్ గారి బేగం జుబైదా పేరు మీద వచ్చింది. ఆమె ఖలీఫా మన్సూర్ మనుమరాలు, 831వ సంవత్సరంలో బాగ్దాదులో పరమపదించారు. మక్కాలో నీళ్ళకు హాజీలు పడే అవస్థ చూసి ఆమె కాలువ తవ్వించిన సంగతి మన ఇళ్ళలో పెద్దవాళ్ళందరికీ తెలిసినదే. దాన్నే నహ్రె జుబైదా అంటాము. ఖర్చు చూసి ఇంజనీరు జంకితే "గడ్డపార దెబ్బకొక దీనారు అయినా సరే, తవ్వు" అన్నారని చెప్పుకుంటారు. కాని ఆమె పని ఆ ఒక్క కాలువతో అయిపోలేదు. ఇరాకు నుంచి వచ్చే బాట పొడుగునా చెరువులు, బావులు, సత్రాలు కట్టించారు. 1184లో ఆ దారిన పోయిన ఇబ్నె జుబైర్, 1326లో పోయిన ఇబ్నె బతూతా, ఇద్దరూ ఆమెను తలుచుకున్నారు. అంటే ఆమె పోయిన మూడున్నర వందల యేళ్ళకూ, అయిదు వందల యేళ్ళకూ కూడా బాటసారి ఆమె నీళ్ళు తాగి దువా చేస్తున్నాడన్నమాట.

ఫైద్ గురించి ఇంకొక ముచ్చట చెప్పాలి. ఇది మన కోశాధికారిగారికి ప్రత్యేకంగా! అది దారికి దాదాపు సగంలో ఉంది. మక్కాకు పోయే హాజీలు తిరుగు ప్రయాణానికి కావలసిన సరుకును ఫైద్ వాసుల దగ్గర దాచి, తేలికగా ముందుకు పోయేవారట. నెలల తరువాత తిరిగి వచ్చి ఎవరి మూట వారు తీసుకునేవారు. దీన్ని ఆ ఇద్దరు యాత్రికులూ రాశారు. అమానత్ అంటే అదీ.

సరే, మన రాళ్ళ దగ్గరికి వద్దాము.

రాళ్ళ వరుసల గుట్టు ముందు విడిపోయింది. అది దొడ్డీ కాదు, సమాధీ కాదు, బాటే. ఆ ప్రాంతంలో కొన్నిచోట్ల నేల నిండా పదునైన నల్లరాళ్ళు. ఒంటె పాదం మెత్తన. మనిషి పాదం సంగతి చెప్పనక్కరలేదు. అందుకని రాళ్ళన్నీ ఏరి అటూ ఇటూ పేర్చారు. రాళ్ళు తీసిన నేల బాట అయింది, తీసిన రాళ్ళు బాటకు అంచు అయ్యాయి. ఒక పనికి రెండు ఫలితాలు. గాలికి ఇసుక కప్పినా అంచు కనిపిస్తుంది, ఆ అంచు పట్టుకుని పోవచ్చు.

రాళ్ళ కుప్ప దగ్గర మా డ్రైవరు కుర్రవాడే మంచి పని చేశాడు. "అబ్బాయీ, ఈసారి అటు పోయినప్పుడు ఆ కుప్ప పక్కన నిలబడి నాలుగు వైపులా చూడు, ఏం కనిపిస్తుందో చెప్పు" అని రాశాము. పది రోజులకు జవాబు వచ్చింది. "సార్, దూరంగా ఇంకో మిట్ట మీద ఇంకో కుప్ప కనిపిస్తుంది. కిందికి దిగితే కనిపించదు." అంతే, చిక్కు వీడింది. ఒక గుర్తు దగ్గర నిలబడితే రెండో గుర్తు కనిపించాలి, అక్కడికి పోతే మూడోది. దారి తెలియనివాడు కూడా ఒక్కొక్క కుప్పే చూసుకుంటూ మక్కా చేరవచ్చు.

చరిత్రకారుడు తబరీ దీన్ని గురించి రాశారు. అబ్బాసీల మొదటి ఖలీఫా సఫ్ఫాహ్ హిజ్రీ 134లో, అంటే 751-52 ప్రాంతంలో, కూఫా నుంచి మక్కా వరకు మనార్‌లూ, మీల్‌లూ పెట్టించారట. తరువాత ఖలీఫా మహ్‌దీ హిజ్రీ 161లో ఆ మీల్‌లను బాగుచేయించి, చెరువులు తవ్వించి, దారి పని అంతా యఖ్తీన్ బిన్ మూసా అనే ఆయనకు అప్పగించారు. జుబైదా బేగం ఆ తరువాతివారు. అంటే బాట ఆమె పేరు మీద నిలిచినా, ఆమెకు ముందూ పనిచేసినవారున్నారు, వెనుకా బాగుచేసినవారున్నారు.

ఈ రెండు మాటలు, మనార్, మీల్, కొంచెం చూడండి. మనార్ అంటే వెలుగు ఉండే చోటు. ఎడారిలో ఎండకు భయపడి బిడారులు రాత్రిళ్ళు నడిచేవి. ఎత్తు మీద మంట పెడితే దూరానికి కనిపించేది. మన మస్జిదు మినారు, 1591లో కట్టిన మన హైదరాబాదు చార్మినారు, అన్నింటికీ ఆ మాటే. మినారు ఎందుకు ఎత్తుగా ఉండాలని పిల్లలు అడిగితే ఇకమీదట ఈ మాట చెప్పండి.

ఇక మీల్. ఇది మా తరగతిని రెండు రోజులు తిప్పలు పెట్టింది. ఉమయ్యా ఖలీఫా అబ్దుల్ మలిక్ కాలంలో, అంటే 685 నుంచి 705 లోపల, పాలస్తీనా దారుల్లో పెట్టించిన రాళ్ళు కొన్ని దొరికాయి. వాటి మీద రాసినదాన్ని మాటకు మాట చెప్పుకుంటే, ఈలియా నుంచి, అంటే జెరూసలేము నుంచి, "ఈ మీల్‌కు ఇన్ని మీల్‌లు" అని వస్తుంది. పిల్లలు నవ్వారు. "మైలుకు ఇన్ని మైళ్ళేమిటి సార్, తప్పు రాశారు" అన్నారు. తప్పు కాదు. మీల్ అంటే దూరమూను, ఆ దూరం చెప్పే రాయీను. మనం మైలు వేరు, మైలురాయి వేరు అంటాము. వారు రెండింటికీ ఒకే మాట వాడారు.

ఇప్పుడు మన హాజీలను ఒక ప్రశ్న అడుగుతాము. సఫా మర్వా నడుమ సయీ చేసేటప్పుడు మగవారు కొద్ది దూరం వడివడిగా పోవాలి. ఆ చోటును ఉర్దూ హజ్ పుస్తకాల్లో మీలైన్ అఖ్‌జరైన్ అని రాస్తారు. అంటే రెండు పచ్చని మీల్‌లు. మా తరగతిలో అయితేనేమి, హజ్ శిక్షణ శిబిరంలో అయితేనేమి, ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు: సఫా నుంచి మర్వాకు మొత్తం కలిపి అర కిలోమీటరు లేదు గదా, అందులో రెండు మైళ్ళు ఎక్కడివి? మేమూ చిన్నప్పుడు అడిగి మా ఉస్తాదు చేత చెవి మెలి పెట్టించుకున్నాము. జవాబు ఇప్పుడు దొరికింది. అవి మైళ్ళు కావు, గుర్తులు. ఇక్కడినుంచి మొదలు, అక్కడికి ఆఖరు అని చెప్పే రెండు పచ్చని గుర్తులు. ఇప్పుడు అక్కడ పచ్చని దీపాలు వెలుగుతున్నాయి. మాట మాత్రం పాతదే.

లెక్క కూడా చెప్పుకుందాము. అరబ్బుల పాత మైలు సుమారు 2 కిలోమీటర్లు. మూడు మైళ్ళు ఒక ఫర్సఖ్. నాలుగు ఫర్సఖులు ఒక బరీద్. కాబట్టి బరీద్ అంటే 12 మైళ్ళు. టపా గుర్రం మార్చుకునే దూరం అది. అరబ్బీలో ఈనాటికీ తపాలాకు బరీద్ అనే పేరు. నాలుగు బరీదులు కలిస్తే 48 మైళ్ళు. ముసాఫిర్ నమాజు గురించి మన మౌలానాలు చెప్పే 48 మైళ్ళు ఎక్కడివో ఇప్పుడు తెలిసింది గదా. జుబైదా బాట మీద పెద్ద మజిలీకీ మజిలీకీ సుమారు 50 కిలోమీటర్లు, రెండు బరీదుల దూరం. నడుమ రాత్రి భోజనానికి ఆగే చిన్న మజిలీ. నడిచేవాడి కాళ్ళను, ఒంటె ఓపికను, తోలుసంచిలో పట్టే నీళ్ళను చూసి పెట్టిన లెక్క అది. రబజాలో, హజ్రత్ అబూజర్ రజియల్లాహు అన్హు తుదిశ్వాస విడిచిన ఊరు అది, గుండ్రని చెరువొకటి ఇప్పటికీ ఉంది. సుమారు 65 మీటర్ల వెడల్పు. వాన నీరు ముందు పక్క తొట్టిలో నిలిచి, మట్టి అడుక్కు దిగి, తేరిన నీరే చెరువులోకి పోయేటట్లు కట్టారు. 1979 నుంచి రియాద్ విశ్వవిద్యాలయంవారు అక్కడ తవ్వకాలు జరిపారు.

ఇంక మిగిలింది ఉబ్బిన వరుస. ఇది విప్పింది మేము కాదు. మా తరగతిలో ఒక అమ్మాయి. వాళ్ళ నాన్న సైకిళ్ళు బాగుచేస్తాడు. ఆమె లేచి, "సార్, ఆ ఉబ్బు ఏ దిక్కుకు ఉందో అన్నను అడగండి" అంది. అడిగాము. "పొద్దున తీశాను సార్, నీడను బట్టి చూస్తే దక్షిణం వైపు, కొంచెం పడమరకు మొగ్గి ఉంది" అన్నాడు. తరగతిలో ఒకడు, "అయితే మస్జిదు కాదు సార్. ఖిబ్లా పడమర గదా" అన్నాడు. ఆ అమ్మాయి అట్లాసు తెరిచి వేలు పెట్టి చూపించింది. "మనకు పడమర. అక్కడ మక్కా కిందికి ఉంది. వాళ్ళకు ఖిబ్లా దక్షిణం వైపే గదా సార్?"

నిజమే! ఎడారి బాటల్లో ఇట్లాంటి బయలు మస్జిదులు ఉన్నాయి. నేల మీద ఒక వరుస రాళ్ళు, మధ్యలో మిహ్రాబుకు ఒక ఉబ్బు. అంతే మస్జిదు. బాటసారి ఒంటె దిగి, ఆ వరుస వెనక నిలబడి, ఖిబ్లా ఎటని ఎవరినీ అడగకుండా నమాజు చేసుకుంటాడు. ఎవరో ఒక పుణ్యాత్ముడు, పేరు లేదు ఊరు లేదు, పాతికో ముప్ఫయ్యో రాళ్ళు పేర్చి పోయాడు. మా ఏడో తరగతిలో ఆ రోజు కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చూడటానికి అంత చిన్న పని.

ఈ గుర్తులన్నింటిలో ఒక సంగతి మీరు గమనించాలి. రాళ్ళ అంచు, కుప్ప, మంట, చెరువు, ఉబ్బిన వరుస - వీటిని చదవడానికి అక్షరం రానక్కరలేదు. మైలురాయి మీద అక్షరాలున్నాయి నిజమే. కాని అక్షరం రానివాడికి ఆ రాయి ఉండటమే గుర్తు. బాట వేసినవారికి తెలుసు, నడిచేవారిలో చదువుకున్నవాడు అరుదని.

అక్షరాల మాట వచ్చింది కనుక మా వృత్తి ధర్మంగా ఒక మాట. అరేబియా వాయవ్యంలో అల్-ఉలా దగ్గర, పాత వర్తక బాటా హజ్ బాటా పోయే చోట, 1999లో ఒక రాతి మీద రాత దొరికింది. జుహైర్ అనే బాటసారి, హజ్రత్ ఉమర్ గారు పోయిన కాలంలో, ఇరవై నాలుగో సంవత్సరంలో ఇది రాశానని చెక్కుకున్నాడు. అంటే 644వ సంవత్సరం. 2003లో యునెస్కోవారు దాన్ని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చారు. అందులో పండితులను ఆశ్చర్యపరచినది ఏమిటో తెలుసునా? కొన్ని అక్షరాలకు చుక్కలు ఉండటం! ఆ కాలపు రాతల్లో మామూలుగా చుక్కలు ఉండవు. చుక్కలు లేకపోతే ఏమవుతుందో పిల్లలకు చూపించాలని మేము నల్లబల్ల మీద ఒక మాట చుక్కలు తీసేసి రాశాము. ఒకడు బాప్ అని చదివాడు, ఒకడు బాత్ అన్నాడు, ఇంకొకడు నాప్ అన్నాడు. ముగ్గురూ ఒప్పే. తండ్రీ, మాటా, కొలతా ఒకే గీతలో ఉన్నాయి. చుక్క పెడితేనే ఏది ఏదో తేలుతుంది.

"చుక్కను చిన్నచూపు చూడకండి" అని ఆ రోజు పిల్లలకు గట్టిగా చెప్పాము. చెప్పి ఇంటికి పోయాక మాకు నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో ఈ సభలో చెప్పుకోవాలి. ఇన్నేళ్ళూ ఇంట్లోవాళ్ళకు తప్ప చెప్పలేదు.

2016లో మేము మా మామూజాన్‌తో హజ్‌కు వెళ్ళాము. మా అమ్మీకి అన్నగారు. జీవితమంతా బండి తోలిన మనిషి. బస్సు నంబరు, నోటు మీది అంకె తెలుసు, అంతకు మించి చదువు లేదు. షుగరు ఉండేది. ముజ్దలిఫాలో రాత్రి గడిపి, పొద్దున మినాకు నడిచి వచ్చాము. జనసముద్రం. మా బృందం చెదిరిపోయింది. మినాలో గుడారాలన్నీ ఒకేలా ఉంటాయని హాజీలకు వేరే చెప్పాలా! తెల్లగా, వరుసగా, కనుచూపు మేర అవే. మేము మా గుడారం గేటు దగ్గర ఒక పచ్చజెండా చూసుకుని, అదే గుర్తు అనుకుని ధైర్యంగా పోయాము. తిరిగి వచ్చేసరికి ప్రతి సందులోనూ పచ్చజెండాలే.

మామూజాన్ అన్నారు, "బేటా, గేటు మీద ఎర్రరంగుతో రాసి ఉంది గదరా. ఒక సున్నా, దాని పక్కన చుక్క." మేము విసుగ్గా, "మామూ, అరబ్బీలో చుక్కే సున్నా. సున్నా పక్కన సున్నా పెట్టి నంబరు ఎవరైనా రాస్తారా? మీకు తెలియదు, ఊరుకోండి" అన్నాము. పంతులు గదా! ఆయన ఊరుకున్నారు. ఎండలో నాలుగు గంటలు తిప్పాము. మాత్రలు గుడారంలో సంచిలో ఉండిపోయాయి. చివరికి ఒక గోడ నీడన ఆయన కూలబడ్డారు. చేతులు వణుకుతున్నాయి, చెమట పడుతోంది. అప్పుడు మాకు అల్లాహ్ తప్ప ఎవరూ గుర్తు రాలేదు.

కేరళ కుర్రవాడొకడు, వాలంటీరు కోటు వేసుకున్నవాడు, పరుగెత్తుకొచ్చి ఖర్జూరాలు నోట్లో పెట్టి, నీళ్ళు తాగించాడు. తేరుకున్నాక వాడు మమ్మల్ని అడగలేదు. ఆయననే అడిగాడు, "బాబా, ఏం గుర్తుంది?" అని. మామూజాన్ మళ్ళీ అదే మాట: సున్నా, పక్కన చుక్క. ఆ కుర్రవాడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పచాస్! యాభై!" అని చెయ్యి పట్టుకు నడిపించాడు. రెండు సందుల అవతల మా గేటు.

సంగతి మీకు అర్థమైందనుకుంటాము. మన ఉర్దూ అయిదు అంకె తమలపాకును తిరగేసినట్లు ఉంటుంది. అరబ్బుల అయిదు గుండ్రం, అచ్చం మన సున్నాలాగా. నాలుగు, అయిదు, ఆరు అంకెల రాతలో వారికీ మనకూ తేడా ఉంది. వారి ఆరు మన తెలుగు పుస్తకాల్లో వేసే 7 లాగా కనిపిస్తుంది. ఇది మేము ఎరుగనిది కాదు. ఖురాన్ షరీఫ్‌లో ఆయతు నంబర్లు చూస్తూనే ఉన్నాము. కానీ ఆ ఎండలో, ఆ విసుగులో, చదువురాని మనిషి ఏం చూసి ఉంటాడులే అనుకున్నాము. ఆయన చూసింది చూసినట్లు చెప్పారు. మేమే చుక్కను చదివి గుండ్రాన్ని చదవలేదు.

ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. రాత్రి పడుకోబోయే ముందు మాత్రం, "చెప్పాను గదరా, సున్నా, చుక్క అని" అన్నారు. అంతే. 2019లో ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఆనాడు ఆ కుర్రవాడు రాకపోయి ఉంటే ఏమయ్యేదో అనే ఆలోచన మాకు ఇప్పటికీ వస్తుంది.

పెద్దలారా, ఇందుకే సంఘానికి మాదొక మనవి. ప్రతి యేటా మన ఊరినుంచి హజ్‌కు, ఉమ్రాకు వెళ్ళేవారు ఉన్నారు. వారిలో చదువు లేని తల్లులు, తండ్రులు ఉన్నారు. శిక్షణ శిబిరాల్లో దువాలు నేర్పుతున్నాము, మంచిదే, నేర్పవలసిందే. దానితో పాటు అంకెలు నేర్పుదాము. ఒక అట్టముక్క మీద మూడు వరుసలు: తెలుగువారు వాడే అంకెలు, ఉర్దూ అంకెలు, అరబ్బీ అంకెలు. మెడలో వేసుకునే సంచిలో పట్టేంత. వచ్చే నెలనుంచి ప్రతి ఆదివారం అసర్ నమాజు తరువాత సంఘం హాలులో మేము కూర్చుంటాము. ఫీజు లేదు. ఖిబ్లా గుట్టు విప్పిన ఆ అమ్మాయి, ఆడవారి తరగతికి తానే నేర్పుతానని ఒప్పుకుంది. వాళ్ళ నాన్న కూడా సరేనన్నాడు.

రెండో మనవి ఇంకా చిన్నది. మన సంఘం బోర్డు ఉర్దూలో ఉంది. ఖబరస్తాను గేటు మీద రాసినదీ ఉర్దూలోనే. దవాఖానాకు సహాయం కావాలంటే ఎవరిని అడగాలో చెప్పే నోటీసు మాత్రం తెలుగులో ఉంది. మన తాతలు ఒకటి చదవలేరు, మనుమలు రెండోది చదవలేరు. ఉర్దూ పంతులునై ఉండి చెబుతున్నాము, ఉర్దూ పక్కన తెలుగు రాయించండి, తెలుగు పక్కన ఉర్దూ రాయించండి. పెయింటరు ఖర్చు మేము భరిస్తాము. రాసేటప్పుడు చుక్కలు తప్పు పడకుండా నిచ్చెన కింద నిలబడి చూసుకుంటాము కూడా.

1258లో బాగ్దాదు మంగోలుల చేతిలో ధ్వంసమైన తరువాత జుబైదా బాట క్రమంగా సన్నగిల్లింది. తరువాత ఓడలు వచ్చాయి. మన దక్కనువారు బొంబాయినుంచి ఓడెక్కి జిద్దా పోయేవారు. 1995తో అదీ ఆగింది. ఇప్పుడు విమానం. మా డ్రైవరు కుర్రవాడు నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు. పోయినసారి ఆ ఉబ్బిన వరుసలో రెండు రాళ్ళు దొర్లిపోయి పక్కన పడి ఉన్నాయట. "పాత కట్టడాలను ముట్టుకోకూడదంటారు గదా సార్, అందుకని సర్దలేదు. దాని వెనక నిలబడి రెండు రకాతులు చదువుకుని వచ్చాను. మామూజాన్ పేరు మీద కూడా దువా చేశాను" అన్నాడు. ఆయన బండి మీద చిన్నప్పుడు వాడు బడికి వచ్చేవాడు. ఆ మాట మేము మరిచిపోయాము, వాడు మరవలేదు.

 అట్టముక్కల సంగతి కార్యదర్శిగారికి ఇవాళే చెప్పిపోవలసిందిగా, హజ్‌కు దరఖాస్తు పెట్టుకున్నవారిని కోరుకుంటున్నాము. ఖుదా హాఫిజ్.